పెట్టె పాడవలేదు, దుబాసీ పోయాడు

మా పెళ్ళి క్యాసెట్లు మూడు. 2001 మాఘమాసంలో, దివిసీమలోని మా పుట్టింటి వాకిట్లో, కొబ్బరాకుల పందిరి కింద తీసినవి. ఇరవై నాలుగేళ్ళు నా బీరువాలో పట్టుచీరల అడుగున కలరా ఉండల వాసన పీలుస్తూ పడున్నాయి. ఈ ఎండాకాలం నడుం బిగించి మొదటిదాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. నేనే ఎక్కించాను, ఎవరి సాయమూ లేదు. మా తమ్ముడు 2009లో కొనిచ్చిన డబ్బా ఒకటుంది నా దగ్గర. అగ్గిపెట్టెకి అన్నయ్యలా ఉంటుంది. ఒకవైపు పసుపు, ఎరుపు, తెలుపు తీగలు వీసీఆర్‌కి తగిలించాలి, రెండోవైపు యూఎస్‌బీ కంప్యూటర్‌కి గుచ్చాలి. వీసీఆర్‌లో క్యాసెట్ తిరుగుతుంటే బొమ్మనీ మాటనీ పట్టి కంప్యూటర్‌కి అందించడం దాని పని. క్యాసెట్ మూడు గంటలైతే ఎక్కడానికీ మూడు గంటలే, తొందరపెడితే కుదరదు. పక్కనే కూర్చుని ఆవకాయ ముక్కలు తుడుచుకుంటూ మొదటి క్యాసెట్ పూర్తి చేశాను.

రెండోది మొదలుపెట్టేలోగా వీసీఆర్‌లో బెల్టు తెగింది. వీసీఆర్ బెల్టు ఇప్పుడెక్కడ దొరుకుతుంది చెప్పండి? చిట్టచివరి దాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆ పని మానేసింది. గవర్నర్‌పేటలో టేప్‌రికార్డర్లు బాగుచేసే ఒక పెద్దాయన, ఏదో పాత సెట్టులోంచి బెల్టు తీసి అమర్చి ఇచ్చేసరికి శ్రావణం వెళ్ళింది, వినాయక చవితీ వెళ్ళింది.

ఈలోగా మా ఇంట్లో మగవాళ్ళు కంప్యూటర్‌ని బాగుచేయించారు. అదేమీ పాడవలేదు, అయినా బాగుచేయించారు. "పాత సిస్టమ్‌కి అక్టోబరుతో గడువు అయిపోతోంది, ఆ తర్వాత రక్షణ ఉండదు" అన్నాడు మా పెద్దాడు. మా వారు తలూపారు. షాపు కుర్రాడొచ్చి పట్టుకెళ్ళాడు. నాలుగు రోజుల తర్వాత తెచ్చి పెట్టాడు. పైన డబ్బా అదే, లోపల పేగులన్నీ కొత్తవి, సిస్టమ్ కొత్తది. నన్నొక్క మాట అడిగారా? గ్యాస్ పొయ్యి మార్చేటప్పుడు నేను వాళ్ళని అడుగుతాను మరి.

విజయదశమి వెళ్ళిన మూడో రోజున అందరూ ఎవరి పనులకు వాళ్ళు వెళ్ళాక, రెండో క్యాసెట్ వీసీఆర్‌లో పెట్టి డబ్బా తగిలించాను. డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. టీవీకి పెట్టి చూస్తే వీసీఆర్ చక్కగా ఆడుతోంది. కంప్యూటర్ మాత్రం 'గుర్తు తెలియని పరికరం' అంది. ఎండాకాలంలో రోజూ పలకరించుకున్న మనుషులు కాస్తా ఇప్పుడు 'మీరెవరండీ' అన్నట్టు.

సాయంత్రం మా వారితో చెప్పాను.

"ఏమండీ, డబ్బా పనిచేయట్లేదు."

"పదహారేళ్ళ నాటిది. పడెయ్."

"అది బాగానే ఉందండీ. కంప్యూటరే దాన్ని గుర్తుపట్టట్లేదు."

"అయినా ఇప్పుడవన్నీ ఎవరు చూస్తారు?"

ఈ 'ఎవరు చూస్తారు' అన్న మాట మీరు మీ ఇళ్ళల్లో ఎన్నిసార్లు విని ఉంటారో నేను ఊహించగలను. ఇత్తడి గుండిగల గురించి ఇదే మాట, అమ్మ రాసిన ఉత్తరాల గురించి ఇదే మాట. అవతల గదిలోంచి వింటున్న మా అత్తయ్యగారు మాత్రం అసలు ప్రశ్న అడిగారు. "రోలూ ఉంది, రోకలీ ఉంది. మరి దంచడానికి ఏమొచ్చిందే?"

నేను ఈ నెల రోజులుగా పట్టుకు తిరుగుతున్నది ఆ ప్రశ్ననే.

ముందు, ఎవరు చూస్తారో చెబుతాను.

మా అమ్మమ్మది దివిసీమే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి ఆవిడ ఇల్లు, గొడ్డూ గోదా, కంచాలతో సహా పోయాయి. మనుషులు బతికి బయటపడ్డారు, అదే అదృష్టం అనేది. ఆ ఊళ్ళల్లో వేలమంది ఆ అదృష్టానికి నోచుకోలేదు. ఆ నీళ్ళల్లోనే అమ్మమ్మ పెళ్ళి ఫోటో, మా అమ్మ చిన్ననాటి ఫోటో కూడా పోయాయి. అమ్మమ్మ వయసులో ఎలా ఉండేదో మాకెవరికీ తెలియదు. ఫోటో అంటే ఆవిడకి భయం పట్టుకుందేమో, ఆ తర్వాత కెమెరా ముందు నిలబడేది కాదు. నా పెళ్ళిలో మాత్రం అప్పగింతల వేళ ఎవరూ అడక్కుండానే పాట ఎత్తుకుంది. నాకు లీలగా గుర్తు. నేను ఏడుస్తున్నాను కదా, సరిగ్గా వినలేదు. 2006లో ఆవిడ పోయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు.

అది మూడో క్యాసెట్లో ఉంది. ఎందుకు మూడో దాంట్లోనే ఉందంటే, దానికొక కథ. ఆ రోజుల్లో వీడియో వాళ్ళు పెళ్ళి క్యాసెట్ ఎలా తయారుచేసేవాళ్ళో మీకు గుర్తుందా? తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి పెళ్ళికూతురు, హృదయం గుర్తులోంచి పెళ్ళికొడుకు. తలంబ్రాలకి ఒక సినిమా పాట, అరుంధతికి ఒక సినిమా పాట, అప్పగింతలకి ఒక ఏడుపు పాట. పందిట్లో ఆడవాళ్ళు నిజంగా పాడినవన్నీ, వియ్యపురాళ్ళ మీద వేళాకోళం పాటలు, పసుపు దంచేటప్పటి పాటలు, మంగళహారతులు, అన్నిటి మీదా సినిమా పాట పరిచేసేవాళ్ళు, కొత్త గచ్చు మీద గోనెపట్టా పరిచినట్టు. మా నాన్న ఎందుకో పట్టుబట్టి, ఎడిట్ చేయకముందు క్యాసెట్ ఒకటి అడిగి తెచ్చుకున్నారు. అదే మూడోది. వాకిట్లో కుక్క అరుపు, వంటవాళ్ళ కేకలు, అమ్మమ్మ పాట, అన్నీ అందులో ఉన్నట్టుగానే ఉన్నాయి. మీ ఇంట్లో ఎడిట్ చేయని క్యాసెట్ గానీ ఉంటే ముందు దాన్ని పట్టుకోండి. తామరపువ్వుది తర్వాత చూసుకోవచ్చు.

ఎవరు చూస్తారంటే, మా అమ్మ చూస్తుంది. ఆవిడకి డెబ్భై దాటాయి, కళ్ళకి ఆపరేషన్ అయింది. వారానికోసారి ఫోన్లో "మా అమ్మ పాట వినిపిస్తానన్నావుగా" అంటుంది.

ఇప్పుడు అత్తయ్యగారి ప్రశ్న. దంచడానికి ఏమొచ్చింది?

బీసెంట్ రోడ్డులో ఒక షాపులో అడిగితే "డ్రైవర్ లేదు మేడమ్" అన్నాడు. డ్రైవర్ ఏమిటి బాబూ అంటే, "సాఫ్ట్‌వేర్ మేడమ్, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. చివరికి నాకు అర్థమైంది ఇది. బీఏలో చరిత్ర పాఠంలో దుబాసీలని చదువుకున్నాం గుర్తుందా? ఇంగ్లీషు వాళ్ళు 1611లో మన మచిలీపట్నంలో కొట్టు పెట్టుకున్నప్పుడు వాళ్ళకి తెలుగు రాదు, మన నేతగాళ్ళకి ఇంగ్లీషు రాదు. మధ్యలో రెండు భాషలూ వచ్చిన దుబాసీ ఉంటేనే బేరం. డ్రైవర్ అంటే ఆ దుబాసీ. నా డబ్బా తన భాషలో ఏదో చెబుతుంది, అది కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చెప్పేది డ్రైవర్. కంప్యూటర్‌లో సిస్టమ్ మారితే, అంటే దొరగారు మారి కొత్త భాష మాట్లాడేవాడొస్తే, పాత దుబాసీ పనికిరాడు. కొత్త భాష నేర్చిన దుబాసీని పంపాల్సింది డబ్బా తయారుచేసిన కంపెనీ. ఆ కంపెనీ పంపలేదు. డబ్బా అమ్మేసింది, డబ్బులు తీసుకుంది, దాంతో పాటు ఒక చిన్న సీడీ ఇచ్చింది, అక్కడితో చేతులు దులుపుకుంది. (ఆ సీడీ పెట్టడానికి కొత్త కంప్యూటర్‌కి మూతి కూడా లేదు, అది వేరే సంగతి.)

ఇది ఒక్క డబ్బా గోల కాదు. నా పెళ్ళైన ఏడాదే విండోస్ ఎక్స్‌పీ వచ్చింది, 2014 ఏప్రిల్ 8తో దానికి మద్దతు ఆపేశారు. విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి మొన్న 2025 అక్టోబరు 14న. ఐదారేళ్ళకోసారి ఇల్లు మారుతూనే ఉంటుంది, మారిన ప్రతిసారీ కొన్ని సామాన్లు వీధిలో మిగిలిపోతాయి. ఎక్స్‌పీ కాలం డబ్బాలకి చాలావాటికి 32 బిట్ డ్రైవర్లే రాశారు. 2021లో వచ్చిన విండోస్ 11కి 32 బిట్ రూపమే లేదు. అంటే ఆ డ్రైవర్లు ఎంత గొప్పవైనా అందులో అడుగుపెట్టలేవు. వీడియో డబ్బాలే కాదు, టీవీ చూసే ట్యూనర్ కార్డులు, పాత స్కానర్లు, ప్రింటర్లు ఇలాగే మూలపడ్డాయి. ఒక్కటీ కాలిపోలేదు, ఒక్కటీ విరగలేదు.

"కొత్తది కొనుక్కోవచ్చు కదా, ఎంతవుతుంది" అంటారని తెలుసు. కొన్నానండీ. తొమ్మిది వందలు పెట్టి తెప్పించాను. మొదటి రోజు బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది, నా ఎర్రంచు మధుపర్కాలు చారలుపడ్డ గళ్ళ లుంగీలా కనిపించాయి. మన దేశంలో టేపులు పాల్ పద్ధతివి, అమెరికావి ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి, అది మార్చుకోవాలట. (మా తోడికోడలు న్యూజెర్సీ నుంచి పంపిన సీమంతం క్యాసెట్ అప్పట్లో మా వీసీఆర్‌లో ఎందుకు గంతులు వేసిందో ఇన్నేళ్ళకి తెలిసింది.) మార్చాక రంగులొచ్చాయి, మాట రాలేదు. మాట లేని బొమ్మ నాకెందుకు? నాకు కావలసిందే మాట. వాపసు చేశాను. నా పాత డబ్బా బొమ్మనీ మాటనీ రెంటినీ పట్టేది, పదహారేళ్ళ వయసులో కూడా.

షాపుకిచ్చి చేయించుకోవచ్చుగా అనేవాళ్ళూ ఉన్నారు. చేయించుకోండి, తప్పులేదు. నేను మాత్రం ఇవ్వను. మా ఆడపడుచు ఇచ్చింది. తిరిగొచ్చిన దాంట్లో పీటల మీద సగం పెళ్ళి లేదు, దాని బదులు వేరెవరిదో బారసాల ఉంది. ఆ బారసాల వాళ్ళు ఎక్కడ వెతుక్కుంటున్నారో పాపం.

ఇక నేను చదివింది తెలుగు, కంప్యూటర్ కాదు. కాబట్టి నాకు తెలిసిన దాంతోనే పోలుస్తాను. తాళ్ళపాక అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు తిరుమల కొండ మీద ఒక చీకటి కొట్టులో నాలుగొందల ఏళ్ళు ఉండి, 1922లో బయటపడ్డాయి. తర్వాత వాటిని పరిష్కరించిన పండితుల్లో మన కృష్ణాజిల్లా పెదకళ్ళేపల్లిలో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఒకరు. రేకు మీద మసి తుడిస్తే అక్షరం కనిపించింది, చదవగలిగినవాళ్ళు చదివారు. ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. మా క్యాసెట్ వయసు ఇరవై నాలుగు. అప్పుడే దాన్ని చదవడానికి ఒక యంత్రం కావాలి, ఆ యంత్రానికి ఇంకో యంత్రం కావాలి, ఆ రెండోదానికి ఎక్కడో ఉన్న కంపెనీ దయ కావాలి. టేపు కూడా ఎల్లకాలం ఉండేది కాదు, మన కృష్ణ నీళ్ళ గాలికి బూజు పట్టేస్తుంది. ఆస్ట్రేలియా దేశపు సినిమా, శబ్ద భాండాగారం వాళ్ళు 2015లోనే హెచ్చరించారు, టేపుల మీద ఉన్నవాటిని 2025లోగా మార్చుకోకపోతే చాలావరకు పోయినట్టే అని. టేపు చెడిపోవడం ఒక్కటే కాదు, ఆడించే యంత్రాలు, విడిభాగాలు, బాగుచేసే చేతులు కరువవుతాయని. గవర్నర్‌పేట పెద్దాయనకి శిష్యులెవరూ లేరు, అడిగాను.

మా పెద్దాడు ఒక మాట అన్నాడు, అది కొట్టిపారేసేది కాదు. "అమ్మా, డ్రైవర్ అంటే సిస్టమ్ నడిబొడ్డులో కూర్చునేది. దొంగ డ్రైవర్ వస్తే మొత్తం గుల్ల. అందుకే సంతకం లేని డ్రైవర్లని రానివ్వరు, పాతవాటిని ఆపేస్తారు." నిజమే. 64 బిట్ విండోస్‌లో విస్టా రోజుల నుంచీ ఆ సంతకాల పద్ధతి ఉంది. ఇంటికి తాళం వేసుకోవడాన్ని నేనెందుకు తప్పుపడతాను? అదే కంప్యూటర్‌లో మా బ్యాంకు లెక్కలున్నాయి. నా పేచీ తాళంతో కాదు. ఇంటి మనిషికి తాళంచెవి ఇవ్వకుండా ఊరెళ్ళిపోయిన వాడితో. డబ్బా చేసిన కంపెనీకి దాన్ని చూసుకునే ఓపిక లేకపోతే, 'ఇదిగో, ఈ డబ్బా లోపల ఇలా మాట్లాడుతుంది, చేతనైనవాళ్ళు దుబాసీని తయారుచేసుకోండి' అని కాగితాలు బయటపెట్టొచ్చు. అమ్మడం మానేసిన వస్తువు రహస్యం దాచుకుని ఏం చేసుకుంటారు, ఊరగాయ పెట్టుకుంటారా?

సాధ్యం కాదంటారేమో. సాధ్యమేనని మా హాల్లోనే చూశాను.

మా పక్క ఫ్లాట్ అమ్మాయి కానూరు వైపు కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతోంది. అట్లతద్దినాడు వాయనం ఇవ్వడానికి వెళ్ళి, మాటల్లో నా గోడు చెప్పాను. "ఆ డబ్బా ఒకసారి చూపించండి ఆంటీ" అంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో విప్పి, లోపలి చిప్ మీద నంబర్ ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూసింది. ఎస్‌టీకే 1160. ఈ రకం డబ్బాల్లో పైన ఒకటే బొమ్మ, లోపల నాలుగైదు రకాల చిప్‌లు ఉంటాయట, అందుకే పేరు చూసి డ్రైవర్ వెతికితే దొరకదట. "డ్రైవర్ ఫ్రీ అని వచ్చే సైట్ల జోలికి మాత్రం వెళ్ళకండి, వైరస్‌లు అంటిస్తాయి" అని హెచ్చరించింది. నేను అప్పటికే రెండు సైట్లు తెరిచానని చెప్పలేదు, సిగ్గేసింది.

మర్నాడు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చింది. అందులో లైనక్స్ ఉంది. మా కంప్యూటర్‌లో ఉన్నదేదీ చెరపకుండా, ఆ పెన్‌డ్రైవ్ మీద నుంచే కంప్యూటర్‌ని లేపింది. డబ్బా తగిలించింది. ఏ సీడీ పెట్టలేదు, ఏదీ డౌన్‌లోడ్ చేయలేదు. గుర్తుపట్టింది! నా డబ్బాని పేరు పెట్టి పిలిచింది! ఆ చిప్‌కి లైనక్స్‌లో 2012లోనే డ్రైవర్ చేరిందట, ఇప్పటికీ ఉందట. మాట రావడానికి ఇంకో అరగంట కుస్తీ పట్టాల్సి వచ్చింది, అది వేరే సెట్టింగ్.

మీరే ఆలోచించండి. డబ్బు తీసుకున్న కంపెనీ వదిలేసింది. నా డబ్బాతో సంబంధం లేని మనుషులు, నన్ను ఎప్పుడూ చూడని మనుషులు, దాని భాష నేర్చుకుని దుబాసీని తయారుచేసి, ఊరందరికీ ఊరికే ఇచ్చారు. ఇన్నేళ్ళుగా దాన్ని కాపాడుకుంటూ వస్తున్నారు. ఇక 'పాతబడిపోయింది, చేయగలిగిందేం లేదు' అన్న మాట నేనెలా నమ్మను? చేయాలనుకోలేదు, అంతే. ఉప్పెన మీద కోపగించుకుని లాభం లేదు, సముద్రానికి మన మాట వినబడదు. ఇది సముద్రం కాదు. ఎవరో కుర్చీలో కూర్చుని, ఇక ఈ డబ్బా మనకి లాభం కాదు అని కొట్టేసిన ఒక గీత.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్ మొదలుపెట్టింది. వస్తువు పాడైతే బాగుచేయించుకునే హక్కు కొన్నవాళ్ళకి ఉండాలని దాని ఉద్దేశం. వ్యవసాయ పనిముట్లు, మొబైల్ ఫోన్లు, ఇంట్లో వాడే పెద్ద వస్తువులు, వాహనాలు అందులో పెట్టారు. సంతోషం. కానీ వాళ్ళ దృష్టంతా మర మీద, విడిభాగం మీద. వస్తువు బాగానే ఉండి, దానికి కావలసిన నాలుగు సాఫ్ట్‌వేర్ ముక్కలు లేక చచ్చిపోయే జబ్బు సంగతేమిటి? మద్దతు ఆపిన రోజున డ్రైవర్‌ని, దాని కాగితాలని అందరికీ అందుబాటులో పెట్టి తీరాలని చట్టంలో రాయాలి. డబ్బా పెట్టె మీద గడువు తేదీ కూడా వేయించాలి. పాల ప్యాకెట్ మీద వేస్తారు, తలనొప్పి మాత్ర మీద వేస్తారు, దీని మీద ఎందుకు వేయరు? '2014 దాకానే పనిచేస్తుంది' అని రాసి ఉంటే మా తమ్ముడు కొనేవాడా? వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915 కి ఫోన్ చేసి ఈ మాట నేను చెప్పాను. అవతలి అమ్మాయి ఓపికగా వింది. మీరూ చెప్పండి. ఒక్కరు చెబితే సణుగుడు, వందమంది చెబితే ఫిర్యాదు.

ఇక ఇంట్లో సంగతి. కంపెనీని తిట్టడం తేలిక, అది మన ఎదురుగా కూర్చుని భోంచేయదు. అసలు చిక్కు ఇంట్లో ఉంది. పెళ్ళిళ్ళు, సీమంతాలు, బారసాలలు, పుష్కరాలకి వెళ్ళిన నాటి క్యాసెట్లు, అన్నీ ఇన్నేళ్ళు దాచింది ఎవరు? చెదలు పట్టకుండా చూసింది, ఇల్లు మారిన ప్రతిసారీ చీరల మధ్య చుట్టి మోసింది ఎవరు? దాచే పని మనది, పారేసే నిర్ణయం మాత్రం ఇంకొకరిది. కంప్యూటర్ మార్చే రోజున 'దీనికి తగిలించేవి ఇంట్లో ఏమేమున్నాయి' అని ఒక్క ప్రశ్న, ఒక్కటంటే ఒక్కటి, ఆ ఇంటావిడని అడిగితే ఏం పోయింది? మా వారు చెడ్డవారేమీ కాదు. ఆయనకి తట్టలేదు. ఆ తట్టకపోవడమే నా కోపం. 2011 ప్రపంచకప్ ఫైనల్ సీడీ మాత్రం పాత హార్డ్ డిస్క్‌లోంచి కొత్తదాంట్లోకి జాగ్రత్తగా వచ్చి చేరింది మరి, అది ఎవరికి తట్టిందో.

మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే పాత సామాన్లవాడికి వేయకండి. దానికి ఇంటర్‌నెట్ తీగ పీకేసి ఒక మూల పెట్టుకోండి, క్యాసెట్లు ఎక్కించడానికి అదే మహారాణి. క్యాసెట్ వీసీఆర్‌లో పెట్టేముందు చిన్న కిటికీలోంచి చూడండి, టేపు అంచున తెల్లగా బూజు కనిపిస్తే పెట్టకండి, టేపూ పోతుంది, వీసీఆర్ హెడ్డూ పోతుంది. ఎక్కించాక ఒక కాపీ మీ ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్ళో అక్క దగ్గరో చెల్లి దగ్గరో ఉంచండి. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా చిన్న ఆడపడుచు ఇల్లు రోజుల తరబడి నీళ్ళల్లో ఉంది. నీళ్ళు తీశాక వెళ్ళాం. ఆ వీధిలో ప్రతి డాబా మీదా ఆడవాళ్ళు ఆల్బమ్‌లు విప్పి, ఫోటోలు ఒక్కొక్కటీ వడియాల్లా ఎండబెడుతున్నారు. మా ఆడపడుచు క్యాసెట్లలోంచి బురద నీళ్ళు కారాయి. ఎక్కించమని ఆవిడకి అంతకు ముందు సంక్రాంతికి కూడా చెప్పాను. "డబ్బా పనిచేయట్లేదు వదినా, తర్వాత చూద్దాం" అంది.

మూడో క్యాసెట్ కార్తీక సోమవారం నాడు ఎక్కించాం, నేనూ ఆ పక్కింటి అమ్మాయీ. రెండు గంటల నలభై నిమిషాల దగ్గర వచ్చింది అమ్మమ్మ. స్తంభం పక్కన నిలబడింది, ముదురాకుపచ్చ నేతచీర, కెమెరా వైపు వీపు. మొహం పక్కనుంచి ఒక్క క్షణం కనిపిస్తుంది. గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. రెండో చరణంలో ఎవరో పిల్లాడు మంచినీళ్ళు కావాలని ఏడుస్తాడు, అమ్మమ్మ పాట ఆపకుండానే చేత్తో బిందె చూపిస్తుంది.

అమ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టి వినిపించాను. పాట అయిపోయాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత, "ఆ ఏడ్చింది మన రాంబాబే కదూ" అంది. "ఇంకోసారి పెట్టవే."

మా వారు గుమ్మంలో నిలబడి విన్నారు. ఏమీ అనలేదు. రెండో క్యాసెట్ శనివారం పెట్టుకున్నాం, ఆ రోజు కంప్యూటర్ ఎవరూ ముట్టుకోకూడదని ముందే చెప్పేశాను.